ముఖము నిలిచెను, వీధి కరిగెను

చీకటిని గెలుచుటకు మానవుడు కనిపెట్టిన సాధనములు రెండు విధములు. దీపము చీకటిని పారద్రోలును. కటకము అట్లు చేయదు. ఉన్న కొద్దిపాటి వెలుతురునే ఏరి, పోగుచేసి, దానితోనే పని గడుపుకొనును. గుప్పెడు నూకలతో ఇంటిల్లిపాదికి గంజి కాచు ఇల్లాలి నేర్పు వంటిది కటకపు నేర్పు. ఆ నేర్పునకు పరాకాష్ఠ యనదగిన కటకములు రేంజ్‌ఫైండర్ కెమెరాలకై ఇటీవలి సంవత్సరములలో కొన్ని వెలువడినవి. వానిలో పేరెన్నిక గన్నది, జపాను దేశపు కోసినా సంస్థ 2022లో వోయిట్‌లాండర్ అను పాత జర్మను పేరుతో విడుదల చేసిన 50 మిల్లీమీటర్ల నోక్టన్ ఎఫ్/1. ఇట్టి కటకము చేతికి వచ్చినచో లభించునదేమి, జారిపోవునదేమి అను విచారణ ఛాయాచిత్రకళపై మక్కువ గల యువకులలో సాగుచున్నది. ఆ విచారణకు దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు నాలుగు మెట్రో స్టేషన్ల దారి కంటె తగిన పరీక్షాస్థలము హైదరాబాదులో అరుదు. రాత్రి వెలుతురులో ఎన్ని రకములు కలవో అన్నియు ఆ దారిలో కనిపించును.

మొదట లెక్క తెలిసికొనవలెను. కటకపు శక్తిని ‘ఎఫ్’ అను సంఖ్యతో కొలుతురు. నాభ్యంతరమును ద్వారపు వ్యాసముచే భాగింపగా వచ్చు లబ్ధమే ఆ సంఖ్య. కావున సంఖ్య చిన్నదగుకొలది ద్వారము పెద్దదగును. 50 మిల్లీమీటర్ల కటకము ఎఫ్/2 అయినచో ద్వారపు వ్యాసము 25 మిల్లీమీటర్లు. ఎఫ్/1 అయినచో 50 మిల్లీమీటర్లు. వ్యాసము రెట్టింపైనచో వృత్త వైశాల్యము నాలుగు రెట్లగునని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. అనగా ఎఫ్/1 కటకము ఎఫ్/2 కటకము కంటె నాలుగు రెట్లు వెలుగును లోనికి రానిచ్చును. 1/15 సెకను పట్టు చిత్రము 1/60 సెకనులో ముగియును. మొదటి దానిలో నడచు మనిషి చెరిగిపోవును. రెండవ దానిలో చాలవరకు నిలుచును. ఈ భేదము చిన్నది కాదు.

ఇక కెమెరా సంగతి. రేంజ్‌ఫైండర్ కెమెరాలో చూచు కన్ను వేరు, చిత్రించు కన్ను వేరు. ఛాయాగ్రాహకుడు కటకము గుండ చూడడు. కెమెరా పైభాగమున నున్న చిన్న గవాక్షము గుండ చూచును. ఆ గవాక్షము నడుమ, రెండవ కిటికీ నుండి వచ్చిన మరొక బింబము తేలియాడుచుండును. కటకపు వలయమును త్రిప్పగా ఆ రెండు బింబములు ఏకమైన క్షణమున దూరము సరిపడినట్లు. లైకా కెమెరాకు ఈ యేర్పాటు 1932లో అమరినది. చిన్నదై, చప్పుడు తక్కువదై, జనము నడుమ ఎవరి కంటను పడక తిరుగుటకు అనువైనది గనుకనే ఈ కెమెరా వీధి చిత్రకారులకు ప్రియమైనది.

పెద్ద ద్వారపు కటకములకై సాగిన పందెమునకు నూరేండ్ల చరిత్ర కలదు. 1924లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున ఎర్నెమాన్ సంస్థ ఎర్మనాక్స్ అను చిన్న కెమెరాను ఎఫ్/2 కటకముతో వెలువరించినది. ఆ కటకమును రూపొందించినవాడు లుడ్విగ్ బెర్టెలె. ఎరిక్ సాలమన్ అను పత్రికా ఛాయాగ్రాహకుడు ఆ కెమెరాను వెంటగొని, మెరుపు దీపము లేకుండగనే న్యాయస్థానములలోను, దౌత్య సమావేశములలోను చిత్రములు తీసెను. అదే బెర్టెలె 1932లో కాంటాక్స్ రేంజ్‌ఫైండరునకు ఎఫ్/1.5 సోనార్ కటకమును సమకూర్చెను. పిదప పందెము జపానునకు ప్రాకినది. 1953లో జునో ఎఫ్/1.1, 1956లో నిక్కార్ ఎఫ్/1.1, 1961లో కానన్-7 కెమెరాకై ఎఫ్/0.95 కటకము వరుసగా వచ్చినవి. లైకా వారు 1966లో తొలి నాక్టిలక్స్‌ను ఎఫ్/1.2గా, 1976లో ఎఫ్/1గా, 2008లో ఎఫ్/0.95గా తెచ్చిరి. నోక్టన్ ఈ వంశమున ఇటీవల పుట్టిన బిడ్డ.

ఆనాటి వారు ఇంత శ్రమ పడుటకు గట్టి కారణమున్నది. ఫిల్మునకు వెలుగును గ్రహించు శక్తి పరిమితము. 1954లో 35 మిల్లీమీటర్ల రూపమున వచ్చిన కోడాక్ ట్రై-ఎక్స్ ఆ కాలమున వేగవంతమైన ఫిల్మనిపించుకొన్నది. పిదప దాని వేగము 400 అని స్థిరపడినది. అంతకు మించి ఫిల్మును లాగినచో చిత్రము ఇసుక చల్లినట్లగును. ఫిల్ము తోడ్పడనప్పుడు కటకమే భారము మోయవలెను గదా! ద్వారము పెంచుట నాడు విలాసము కాదు, అవసరము.

నేడు ఆ అవసరము చాలవరకు తీరిపోయినది. నేటి డిజిటల్ రేంజ్‌ఫైండరులోని సెన్సరు ఐ.ఎస్.ఓ. 6400 వద్ద తృప్తికరమైన చిత్రము నీయగలదు. 400తో పోల్చినచో అది పదునారు రెట్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణపు ముంగిటి వెలుతురు 400 ఫిల్ముపై ఎఫ్/2 వద్ద 1/30 సెకను కోరుననుకొందము. అదే వెలుతురు 6400 వద్ద, అదే ద్వారముతో, 1/500 సెకనులో చిక్కును. ద్వారమును ఎఫ్/5.6 వరకు కుదించినను 1/60 సెకను చాలును. కటకము నాలుగు రెట్లకై ఆయాసపడుచుండగా, సెన్సరు నిశ్శబ్దముగా పదునారు రెట్లు తెచ్చి ఒడిలో పోసినది. కావున ‘చీకటిలో చిత్రము తీయుటకు ఎఫ్/1 కావలెను’ అను మాటకు మునుపటి బలము లేదు. నేటికిని ఫిల్మునే వాడు కొద్దిమందికి మాత్రము ఆ మాట ఇప్పటికిని చెల్లును.

మరి ఇంత ధర పెట్టి ఈ కటకమును కొనువారు దేనికై కొనుచున్నారు? వెలుగునకై కాదు, మసకకై. ద్వారము పెద్దదైనకొలది చిత్రమున స్ఫుటముగా కనిపించు లోతు సన్నగిల్లును. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1 కటకముతో మూడు మీటర్ల దూరముననున్న మనిషిని తీసినచో స్ఫుటముగా నిలుచు లోతు సుమారు 21 సెంటీమీటర్లు. ఒక మీటరు దూరమునకు వచ్చినచో అది రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే; కంటిపాపను సరిచూచినచో చెవి మసకబారును. వెనుకనున్న దీపములన్నియు రంగురంగుల బుడగలై తేలును. ఆ దృశ్యము కన్నులకు ఇంపు గొలుపుననుటలో సందేహము లేదు. అది కలను పోలియుండును.

అయితే దిల్‌సుఖ్‌నగర్ కల కాదు. సాయంకాలము ఏడు గంటల వేళ మెట్రో వంతెన క్రింద నిలిచి, బస్సునకై ఎదురుచూచు ఒక యువతిని ఊహింపుడు. ఏదో జిల్లా నుండి వచ్చి, వసతి గృహమున ఉండి, పోటీ పరీక్షకు చదువుకొనుచున్నది. ఆమె వెనుక శిక్షణ కేంద్రముల బోర్డులు ఒకదానిపై నొకటి ఎక్కియున్నవి. ప్రక్కన పాత పుస్తకముల గుట్ట, దాని నానుకొని పానీపూరీ బండి. మెట్రో స్తంభముపై వేసిన సంఖ్య కనిపించుచున్నది. ఆ సంఖ్యయే నేడు అచటి దుకాణములకు చిరునామా. ఈ యువతిని ఎఫ్/1తో తీసినచో ముఖము ముత్యమువలె వెలుగును, తక్కినదంతయు బుడగలగును. ఆ చిత్రము టోక్యోలో తీసినదన్నను నమ్మవచ్చును, పారిస్‌లో తీసినదన్నను నమ్మవచ్చును. అదే యువతిని ఎఫ్/5.6తో తీసినచో స్ఫుటమైన లోతు సుమారు 1.2 మీటర్లగును; ఆవల నున్నవి కొంత మెత్తబడినను బోర్డులపై పెద్ద అక్షరములు చదువ వీలగును. అప్పుడామె ఎవరో, ఏమి కోరి ఈ నగరమునకు వచ్చినదో, ఎంతమందితో పోటీపడుచున్నదో చిత్రమే చెప్పును. మొదటి చిత్రమున మిగిలినది ఊరు పేరు లేని అందము. రెండవ దానిలో మిగిలినది ఒక జీవితము.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ తర్కము క్రొత్త కాదు. కాశ్మీరమున పదునొకండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని వాదించెను. సొమ్ము ఎంత వెలగలదైనను తగని చోట ధరించినచో శోభింపదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమును తలచుకొన్నచో విషయము మరింత తేటపడును. సిద్ధుడిచ్చిన పాదలేపముతో ప్రవరుడు హిమాలయమునకు పోవును. మంచు సోకి లేపము కరిగిపోగా, ఇల్లు చేరు దారి మూసికొనిపోవును. ఆ కథలో హిమాలయము నాటకపు తెర కాదు; కథను మలుపు త్రిప్పిన పాత్ర. ప్రవరుని ముఖమును మాత్రము స్ఫుటముగా చూపి, మంచుకొండను మసకలో ముంచిన కవి ఉన్నచో, అతనికి వరూథిని యుండదు, కథయే యుండదు. వీధి చిత్రమునకు వీధి అట్టిది.

హైదరాబాదు తన గతమును ఎరిగినది ఇట్టి నిండు చిత్రముల వలననే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగ ప్రసిద్ధి కెక్కి, సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) బరువైన గాజు పలకలపై చిత్రములు తీసెను. నేడు వానిని చూచువాడు నవాబు ముఖమును ఒకసారి చూచి, ఆపై గోడమీది అద్దమును, నేలమీది తివాచీని, మూలనున్న సేవకుని తలపాగాను పదేపదే చూచును. చిత్రకారుడు ముఖ్యమనుకొన్నది ఒకటి, కాలము ముఖ్యమని తేల్చినది మరియొకటి. తెలంగాణ పల్లె ఇండ్లను, వాకిళ్ళను, బతుకమ్మ వేడుకలను చిత్రించి 2022లో కీర్తిశేషుడైన భరత్ భూషణ్ కృషియందును మనిషి ఒంటరిగా నిలువడు. గడప, గోడ, ముంగిలి అతనితో కూడ నిలుచును.

స్ఫుటతయే సర్వస్వమని ఇందలి భావము కాదు. 1948 జనవరి 30వ నాటి రాత్రి, ఢిల్లీలోని బిర్లా భవనము వద్ద గాంధీ మహాత్ముని మరణవార్తను నెహ్రూ ప్రకటించుచుండగా ఆన్రీ కార్తియే-బ్రెస్సాన్ తీసిన చిత్రమున స్ఫుటత కొరవడినది. చీకటి, కదలిక, జనసమ్మర్దము దానిని అంటియున్నవి. అయినను అది ఆ రాత్రికి సాక్ష్యము. ఏలనన ఆ మసక ఆ క్షణమునుండి పుట్టినది. చీకటిలో చిక్కిన మసక వేరు, కొని తెచ్చుకొన్న మసక వేరు.

ఈ విచారణలో కేవలము సౌందర్యము కాక మరొకటి పణముగా ఉన్నది. తూర్పు హైదరాబాదు మన కన్నుల ఎదుటనే మారిపోవుచున్నది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడవసాగినది. దానితో విజయవాడ రహదారి ముఖమే మారినది. కొత్తపేట ప్రక్కన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండెడిది. వేసవి వేకువలందు మామిడికాయల లారీలు, గడ్డి పరచిన నేలపై రాసులు, వేలము పాటల కేకలు, హమాలీల పరుగులు ఆ ప్రాంతపు బ్రతుకై యుండెను. ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది. ఆ స్థలమున పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి అవసరమే, దానిని తప్పుపట్టుటకు వీలు లేదు. అయితే ఆ మార్కెట్టులో ఒక వర్తకుని ఎఫ్/1తో తీసినవాని వద్ద నేడు ఏమి మిగిలినది? ఒక ముఖము, వెనుక పసుపుపచ్చని మసక. ఆ పసుపు మామిడిరాసియో, లారీ దీపమో చెప్ప వీలులేదు. పోయిన మార్కెట్టును తిరిగి తీయుటకు ఏ కటకమునకును శక్తి చాలదు.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. ఆ వీధులు చిందరవందరగా ఉండును. తీగలు, ఫ్లెక్సీలు, సగము చిరిగిన ప్రకటనలు చూపును చెదరగొట్టును. అందుండి మనిషిని వేరుచేసి నిలుపుట కళాకారుని హక్కు గదా అని కొందరందురు. హక్కే. ఎల్.బి. నగర్ కూడలిలో, నల్గొండకో విజయవాడకో పోవు చివరి బస్సునకై మూట ప్రక్కన కూలబడిన వృద్ధుని కన్నులలోని అలసటయే విషయమైనప్పుడు, తక్కినదంతయు తప్పుకొనుట న్యాయము. అచట ఎఫ్/1 తన విలువను చూపించును. ఒక్క ముఖమే లోకమైన క్షణములు జీవితమున ఉండును. వానికి ఈ కటకము తగినది. అయితే ప్రతి క్షణము అట్టిది కాదు. చిందరవందరను ఒక్క వలయము త్రిప్పి మాయము చేయుట సులభము. రెండడుగులు ప్రక్కకు జరిగి, తీగను తప్పించి, బోర్డును తగిన చోటికి తెచ్చుకొనుట కష్టము. ఆ కష్టమునందే చిత్రకారుని శిక్షణ ఉన్నది.

‘ఎఫ్/1 కటకమును ఎఫ్/5.6కు కుదించుకొనవచ్చును గదా’ అని మరియొక వాదము. కుదించుకొనవచ్చును. కాని కుదించుటకే కొనునట్లయిన ఇంత మూల్యమేల? నోక్టన్ ధర లక్ష రూపాయలను దాటును. లైకా వారి ఎఫ్/0.95 పది లక్షలకు పైబడినది. నోక్టన్ బరువు 484 గ్రాములు, నాక్టిలక్స్ బరువు 700 గ్రాములు. చేతిసంచిలో దాగు కెమెరా ఈ బరువుతో తన చిన్నతనమును కోల్పోవును. లావైన కటకము గవాక్షపు దిగువ మూలను కొంత కప్పివేయును. చూచు కన్నునకే అడ్డము తగులును. పైగా చిత్రించు కటకము గుండ చూడని కెమెరాలో రెండు సెంటీమీటర్ల లోతును చేతితో సరిచూచుట కత్తిమీద సాము. రెండు కిటికీల నడుమ దూరము, గవాక్షపు వృద్ధి ఎంత యున్నచో అంతే ఖచ్చితత్వము. 1954 నాటి లైకా ఎం-3 గవాక్షము 0.91 వృద్ధినిచ్చెను; తరువాతి నమూనాలలో పెక్కింటికి 0.72 మాత్రమే. కటకపు ఆశ పెరిగినది, దానిని సరిచూచు కన్ను మాత్రము అంతగా పెరుగలేదు.

లక్ష రూపాయల కటకముతో బడిపిల్లలకేమి పని అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. పని ఉన్నది. ఆ కటకపు మసక నేడు ప్రతి ఫోనులోను చేరినది. ఫోనులోని సెన్సరు మిక్కిలి చిన్నది. దానికి సహజముగా ముందున్నదియు వెనుకనున్నదియు రమారమి సమానముగా స్ఫుటము. అది దాని లోపము కాదు, దాని భాగ్యము. ‘పోర్ట్రెయిట్’ అను మీట నొక్కినచో ఫోను లెక్కలు కట్టి వెనుకటి దృశ్యమును కృత్రిమముగా చెరిపివేయును. విద్యార్థులు అదియే అందమని అలవాటు పడుచున్నారు. అమ్మమ్మను తీయుదురు; అమ్మమ్మ వెనుకనున్న వంటయింటి అరను చెరుపుదురు. మిత్రుని తీయుదురు, మిత్రుడు చదివిన బడి గోడను చెరుపుదురు. ఇరువదేండ్ల పిమ్మట అమ్మమ్మయు ఉండదు, అరయు ఉండదు. ముఖమైన మిగిలినది కదా అని సంతసింపవచ్చును గాని, ఆమె చేతి వరుసలో పేర్చిన డబ్బాలను మరల చూపువారెవరు?

ఇందుకు పాఠశాలలో చేయదగిన అభ్యాసమొకటి కలదు. విద్యార్థి ఒకే మనిషిని ఒకే చోట రెండుమార్లు తీయవలెను. ఒకమారు వెనుకటి దృశ్యమును చెరిపి, ఒకమారు ఉంచి. పిదప ప్రతి చిత్రమును గూర్చి పది వాక్యములు వ్రాయవలెను. మొదటి చిత్రమునకు మూడవ వాక్యముతోనే మాటలు అడుగంటును. రెండవ దానికి పది చాలవు. చిత్రము తీసిన తేదీ, స్థలము, మనిషి పేరు వ్రాసి ఉంచుటయు అలవరచవలెను. దీన్‌దయాళ్ కాలపు చిత్రములందు సయితము పేరు తెలిసినవారే చరిత్రలో నిలిచిరి. పేరు వ్రాయబడని సేవకుడు తలపాగాగానే మిగిలెను.

ఇక తీర్పు. క్రొత్త కటకము గొప్ప శిల్పము. గాజును అర మిల్లీమీటరులో వేయవవంతు కూడ తప్పకుండ సానబట్టిన పనివాని నైపుణ్యమునకు నమస్కరింపవలసినదే. ఫిల్ముతో రాత్రివేళ పనిచేయువారికి, ఒంటరి ముఖమును ధ్యానించువారికి అది తగును. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వంటి వీధులను రాబోవు తరమునకు అప్పగింపదలచిన యువకుడు మాత్రము దానికై అప్పు చేయనక్కరలేదు. ఎఫ్/2 పాటి సామాన్య కటకమో, జేబులోని ఫోనో చాలును. మిగిలిన ధనముతో సంవత్సరము పొడుగున నాలుగు స్టేషన్ల నడుమ తిరిగి, టీ త్రాగి, మనుష్యుల పేర్లడిగి తెలిసికొనవచ్చును. నేడు ఆ వీధులలో కానవచ్చు బోర్డులలో సగము పదేండ్లకు ఉండవు. వానిని చదువ వీలగునట్లు తీసి ఉంచుట నేటివారి వంతు.